కొసరు చేప

మొదట్లో నా చేతిలో ఉన్నవి గాజు కోసే కలం, కొలత టేపు, ఒక బల్ల పట్టేంత కొట్టు. చేపల తొట్లు కట్టి అమ్మేవాణ్ణి, రంగు చేపలూ అమ్మేవాణ్ణి. పెద్ద గిరాకీ ఒక్కటే, మా వదిన. ఆమె ల్యాబ్‌లో రెండు వందల తొట్లు, అన్నింట్లోనూ వేలెడైనా లేని చారల చేపలు. మెదడు ఎలా తయారవుతుందో, అందులో ఏ జన్యువు ఏ పని చేస్తుందో వాటి పిల్లల్లో చూస్తుంది. ఇరవై ఏళ్ళలో పదమూడు పరిశోధన పేపర్లు రాసింది. ఏడాదికి ఒకటైనా రాలేదేమని నేనడిగితే, "తొట్టి కట్టినట్టు కాదు మరిదీ, చేప ఒప్పుకోవాలి" అనేది.

ఒకసారి మైక్రోస్కోపులో చూడమంది. రెండు రోజుల పిల్ల. ఒంట్లో ఉన్నదంతా బయటికి కనిపిస్తోంది. కంటి నుంచి ఒక నరం, వీధి తెలిసిన మనిషిలా, తడబాటు లేకుండా మెదడు వైపు పోతోంది. అంత శుభ్రమైన గాజు నేను జన్మలో అమ్మలేదు.

ఆ నరానికి దారి చెప్పేది ఎవరన్నదే ఆమె పదమూడో పేపరు. ఒక జన్యువు బొత్తిగా లేని చేపల్ని వేరే తొట్టిలో పెంచింది. వాటి పిల్లల్లో సగానికి నరం సరిగ్గానే చేరింది. కాబట్టి ఆ జన్యువు అంత అవసరం కాదని రాసింది. పేరొచ్చింది. ఆ పేరు మీదే ల్యాబ్ అంతటికీ ఆమెను పెద్దను చేయాలా వద్దా అని శుక్రవారం తేల్చబోతున్నారు.

సోమవారం పగిలిన మూత ఒకటి మార్చడానికి వెళ్ళాను. చేపలమ్మేవాడి కళ్ళు ఊరికే ఉండవు. పక్కనున్నది ఆ జన్యువు లేని చేపల తొట్టి, అందులోవి లెక్కపెట్టాను.

"వదినా, చీటీ మీద పద్దెనిమిది అని ఉంది, లోపల పంతొమ్మిది. కొసరు వేశావా?"

నవ్వుతుందనుకున్నాను. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టేసింది.

"మళ్ళీ లెక్కపెట్టు."

మూడుసార్లు పెట్టాను. పంతొమ్మిదే. చేపలు చచ్చి తగ్గుతాయి. గుడ్లు పెట్టినా అవే తినేస్తాయి కాబట్టి తమంతట తాము పెరగవు. పక్క తొట్టిలోంచి ఆ జన్యువున్న మామూలు చేప ఒకటి ఎగిరి ఇందులో పడి ఉండాలి.

వదిన అన్నింటి తోక అంచులూ కత్తిరించి పరీక్షించింది. దొంగ దొరికింది, మిగతావాటికంటే చురుకైన మగచేప. తర్వాత ఫ్రీజర్లో దాచిన పాత పిల్లల్నీ పరీక్షించింది. నరం సరిగ్గా చేరినవన్నీ ఆ దొంగ పిల్లలే. తల్లికీ తండ్రికీ లేనిది పిల్లకెలా వస్తుందని అప్పట్లో పిల్లల్ని ఎవరూ పరీక్షించలేదు.

బుధవారం సాయంత్రం, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని దాన్ని అచ్చువేసిన పత్రికకు ఉత్తరం రాస్తూ కూర్చుంది.

"శుక్రవారం దాకా ఆగలేవా?" అన్నాడు అన్నయ్య.

"శుక్రవారానికి తప్పు ఒప్పవుతుందా?"

నేనూ ఓ మాటేశాను. "అమ్మేసిన సరుకు వదినా. ఎవరడిగారు?"

"ఆడచేపని చెప్పి మగచేపనిచ్చావనుకో. గిరాకీ వచ్చి అడిగేదాకా ఊరుకుంటావా?"

"ఊరుకుంటాను."

"అందుకే నీ దగ్గర చేపలు కొనను. తొట్లూ మూతలూ మాత్రమే కొంటాను."

అన్నయ్య పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మూతలన్న మాట దగ్గరే ఆగిపోయాను. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని ల్యాబ్‌కు పోయాను. నీళ్ళ గొట్టం కోసం మూత మూలన నేను కోసిన సందు రెండు వేళ్ళ వెడల్పుంది. తొట్టి తొట్టికీ కొలవడం బద్ధకమై అన్నింటికీ ఒకటే కోత కోశాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఎవరూ అడక్కుండానే ఆమె ఉత్తరం అప్పటికే వెళ్ళిపోయింది.

"వదినా, ఆ సందు నాది."

"చూశాను. మూత నీది, లెక్క నాది. రెండేళ్ళు చేపల్ని లెక్కపెట్టనిది నేను." తర్వాత అంది, "ఈసారి సందులో వేలు పట్టనివ్వకు."

శుక్రవారం పదవి వేరొకరికి పోయింది. వదిన ఆయనకు అభినందనలు చెప్పి, తిన్నగా చేపల గదికి వచ్చి ఖాళీ తొట్టి కడగడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్క మూతా కొలిచి మళ్ళీ కోశాను.

అంతా మొదటి నుంచి మళ్ళీ చేయడానికి పద్దెనిమిది నెలలు పట్టింది. నాలుగు వందల పిల్లల్లో ఒక్కదానికీ నరం చోటుకు చేరలేదు. రెండో రోజున ఆ జన్యువు తిరిగి అందిస్తే చేరింది, మూడో రోజున అందిస్తే చేరలేదు. దారి చెప్పేది అదే, చెప్పేది ఆ ఒక్క రోజే. ఇప్పుడు ఎక్కడెక్కడి ల్యాబ్‌ల వాళ్ళో ఆ రెండో రోజు గురించి ఆమెనే అడుగుతున్నారు.

పేపరు చివర ఇద్దరికి కృతజ్ఞతలు రాసింది: తొట్ల మూతలు చేసినవారికి, చేపల్ని లెక్కపెట్టినవారికి. ఇద్దరూ నేనే.

ఇక ఆఖరి లెక్క. పదమూడులో ఒకటి పోయి ఒకటి వచ్చింది, మళ్ళీ పదమూడే. పోయినవి ఒక కుర్చీ, ఏడాదిన్నర కాలం. రాబడి, ఒక నరానికి దారి ఎవరు చెబుతారో, ఏ రోజున చెబుతారో తెలిసింది. నా వంతుకు వచ్చింది, ఇప్పుడు గిరాకీ అడక్కముందే ఇది మగచేప అని చెప్పేస్తున్నాను.