తలుపు చాటు నీడ

ఆపరేషన్ తర్వాత అక్క వేసిన మొదటి నాలుగడుగులను చెల్లెలు, రంగులు తర్వాత దిద్దుకునే 'లాగ్' పద్ధతిలో వీడియో తీసింది. తీరా తెరమీద చూస్తే అంతా బూడిదరంగే. చెల్లెలు దాన్ని బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లింది.

"పాడు చేశాను బాబాయ్!"

సినిమాలకు రంగులు దిద్దే బాబాయ్ నవ్వాడు. "లాగ్‌లో తీస్తే ఇలాగే పాలిపోయి ఉంటుందమ్మా. వెలుతురు కాస్త ఎక్కువ పెట్టి తీశావు, అదే మంచిదైంది. నీడలో ఉన్నవి కూడా చెడలేదు. నువ్వే దిద్దు. ముందు ఒంటిరంగు చూసుకో."

ఆమె మెల్లగా దిద్దింది. అక్క బుగ్గలకు రంగొచ్చింది. తలుపు చాటు నీడను కాస్త తేలిక చేసేసరికి అక్కడ బావ కనిపించాడు. చూసే ధైర్యం లేదని బయటికెళ్లిన మనిషి, అక్క పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"మీరు నేర్పకపోతే ఇది నాకు కనిపించేదే కాదు బాబాయ్," అంది చెల్లెలు. అక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, వీడియో మొదటినుంచి పెట్టింది.