వంటింట్లో మొలిచిన కంచె

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. ఉత్తర ఐర్లండ్ అంచున, ఫర్మానాలో ఒక ఇంటి మధ్యలోంచి దేశాల సరిహద్దు పోతుందంటే, ఇంత దూరాన పెరుగుతున్న మీకు నవ్వొస్తుంది. ఆ ఇంట్లోవాళ్ళు మాత్రం దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ కిందిది కాబట్టి వంటిల్లు బ్రిటన్‌లో ఉండేది. గుమ్మం దాటితే వెనక గది ఐర్లండ్.

దెర్వ్లా రోజూ పొద్దున్నే లేచి పన్నెండు ఆవుల పాలు పితికేది. బురద బూట్లు బయట విడిచి, సోడా రొట్టె కోసి వెన్న రాసి, టీతో పాటు వెనక గదిలోకి పట్టుకెళ్ళేది. అక్కడ ఆమె తండ్రి ఫెలిం. ఎనభై ఆరేళ్ళు. మంచం పట్టి రెండేళ్ళయింది, నోరు మాత్రం పడిపోలేదు. ఆ గదికి వేరే తలుపు లేదు. వెనక గోడ సరస్సులో నిలబడి ఉంటుంది, దానికున్న కిటికీలో పిల్లి తల కూడా పట్టదు.

బ్రిటన్ యూరప్ కూటమిలోంచి వెళ్ళిపోవడానికి రెండు వేల పందొమ్మిది మార్చి ఇరవై తొమ్మిది అని తేదీ పెట్టుకుంది. ఐర్లండ్ మాత్రం అందులోనే ఉంటుంది. ఒప్పందమేదీ కుదరకుండా ఆ రోజు వచ్చేస్తే అడ్డు లేకుండా దాటే ఈ సరిహద్దుకి మళ్ళీ కాపలా, కంచె వస్తాయేమో ఎవరికీ తెలియదు. ఆ ఏడు జనవరిలో గుమ్మం దగ్గర రాతి పలకల సందులోంచి ఒక మొలక లేచింది. తెల్లపూల ముళ్ళచెట్టు, సరిగ్గా గీత మీద. ఫిబ్రవరికల్లా గుమ్మం పొడుగునా మొలిచాయి. ఉత్తరాలిచ్చే అతను చూసి, "ఓహో, మీకు కంచె ఇంట్లోనే వచ్చిందా," అని టీ తాగి వెళ్ళాడు.

కొట్టెయ్యొచ్చు కదా అంటారు మీరు. ఆ చెట్టుని అక్కడ ఎవరూ కొట్టరు. అది మంచివాళ్ళ చెట్టు. నేల కింద ఉండే మాయలవాళ్ళని అలాగే పిలవాలి, అసలు పేరు పైకి అనకూడదు. వాళ్ళ చెట్టుకి కొమ్మ విరిచిన ఇల్లు నిలవదని నమ్మకం.

పక్క పొలం వెస్లీ చూడ్డానికి వచ్చాడు. వీళ్ళు కాథలిక్కులు, ఐర్లండ్ వైపు; ఆయనది వేరే చర్చి, బ్రిటన్ జెండా. కూటమిలోంచి వెళ్ళిపోదామని ఓటేసినవాడు.

"ఓటేసింది నువ్వేగా. గొడ్డలి తెచ్చావా?" లోపల్నించి ఫెలిం అడిగాడు.

"నేను ముళ్ళకి ఓటెయ్యలేదు పెద్దాయనా."

"నేల కింద ఎవరూ లేరంటారుగా మీ చర్చిలో. కొట్టు మరి."

"లేరు," అన్నాడు వెస్లీ టోపీ చేతిలో తిప్పుతూ. "కానీ గొర్రెలు ఈనే రోజులు. ఇప్పుడెందుకులే."

మంచం వంటింట్లోకి మారుద్దామని దెర్వ్లా, వెస్లీ చెరోవైపు పట్టారు. ఫెలిం గోడకున్న కొక్కేన్ని పట్టుకుని వదల్లేదు. "మా అమ్మ నన్నిక్కడే కంది. లండన్‌లో వాళ్ళు కొట్టుకుంటున్నారని నేను గది మారను."

మార్చి వచ్చేసరికి ముళ్ళకి వేగం పెరిగింది. గంటకి వేలెడు. దెర్వ్లా దుప్పటి చింపి కొమ్మల్ని పక్కకి వంచి కట్టేది. కెటిల్ మరిగేలోపు కొమ్మలు కట్టుని తెంపుకుని మళ్ళీ అడ్డొచ్చేవి. ఒక శుక్రవారం పాలు పితికి వచ్చేసరికి గుమ్మం మూసుకుపోయింది. నేలకి ఆనుకుని గిన్నె పట్టేంత సందు మాత్రం మిగిలింది. దెర్వ్లా పొడవాటి పార మీద గిన్నె పెట్టి మంచం దాకా తోసి, ఆయన తిన్నాక వెనక్కి లాగేది. నర్సు వచ్చి ఇవతల నిలబడి, "నొప్పుందా, జ్వరముందా," అని కేకేసి రాసుకుని వెళ్ళేది.

ఆరు రోజులకి, గురువారం, గిన్నె నిండుగానే తిరిగొచ్చింది.

"నాన్నా, రొట్టె తినలేదేం?"

"తింటాలే."

"ఒళ్ళు కాలుతోందా?"

"ఏమో. నువ్వొచ్చి చూడు," అన్నాడు వేళాకోళంగా. అంతే, ఆ తరవాత మాట లేదు. దెర్వ్లా ముళ్ళలోకి చెయ్యి దూర్చింది. మోచేతి దాకా గీరుకుపోయింది. వేళ్ళు మంచానికి అందలేదు. సందులోంచి ఆయన ఊపిరి వినబడుతోంది, ఈలలాగా.

ఆ సాయంత్రమే లండన్‌లో, పార్లమెంటులో ఓటు. వెళ్ళిపోయే తేదీని వాయిదా వెయ్యమని కూటమిని అడగాలా, వద్దా. వెస్లీ వచ్చి రేడియో పక్కన కూర్చున్నాడు.

"నువ్వైతే ఎటు వేసేవాడివి?" అడిగింది దెర్వ్లా.

"వాయిదాకి వెయ్యను అమ్మాయ్. అన్నమాట అన్నట్టు జరగాలి." కాసేపు లోపలి ఈల విన్నాడు. "ఇవాళైతే వేద్దును," అన్నాడు.

అవునన్న సభ్యులు ఒక వసారాలోకి, కాదన్నవాళ్ళు ఇంకో వసారాలోకి విడిపోయారు. తలుపులు మూసి లెక్కపెట్టారు. సాయంత్రం ఆరు దాటాక ఫలితం చదివారు: అడగాలన్నవాళ్ళు నాలుగు వందల పన్నెండు, వద్దన్నవాళ్ళు రెండు వందల రెండు.

ఇద్దరూ కంచె వైపు తిరిగారు. అది తెరుచుకోలేదు. ఒక్క ముల్లు కూడా వెనక్కి పోలేదు. ఇది అడగడానికి ఒప్పుకోవడమేననీ, మిగతా ఇరవై ఏడు దేశాలూ సరేనంటేనే వాయిదా అనీ రేడియోలో చెబుతున్నారు. దెర్వ్లా సందులోంచి తండ్రిని చూద్దామని నేల మీద కూర్చుంది. కూర్చున్నచోట ఒక లేత కొన ఆమె కళ్ళకి ఎదురుగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. కెటిల్ మరిగింది. కొన ఉన్నచోటే ఉంది.

"వెస్లీ, ఇది పెరగడం లేదు."

"తగ్గడమూ లేదుగా."

"పెరగకపోతే చాలు. కడితే నిలుస్తుంది."

ఆమె మంచి దుప్పట్లన్నీ చింపింది. వెస్లీ చేతులకి తోలు తొడుగులు వేసుకుని, మళ్ళీ తీసేశాడు. తొడుగుంటే కొమ్మ ఎక్కడ విరగబోతుందో చేతికి తెలియదట. ఆయన ఒక్కో కొమ్మనీ వట్టి చేతులతో మెల్లగా వంచి పట్టుకున్నాడు, ఆమె కట్టింది. ఒక్క పుల్ల విరగలేదు. ఆయన అరచేతుల రక్తంతో గుడ్డపీలికలు ఎర్రబడ్డాయి. రెండు గంటలకి, మనిషి పాక్కుంటూ పట్టేంత దారి వచ్చింది.

దెర్వ్లా పాక్కుంటూ వెళ్ళి తండ్రి నుదురు పట్టుకుంది. నిప్పులా ఉంది. తల ఎత్తి చెంచాతో నీళ్ళు పోసింది. నాలుగో చెంచాకి కళ్ళు తెరిచాడు.

"ఎన్నాళ్ళిచ్చారు?"

"ఇంకా ఇవ్వలేదు నాన్నా. జూన్ దాకా అడుగుతారట."

"జూనా?" అన్నాడు ఫెలిం. "నాకు ఎక్కువే."

మర్నాడు నర్సు సంచీ ముందుకి తోసుకుంటూ ఆ దారినే వెళ్ళింది. జ్వరం దిగింది. ఫెలిం జూన్ దాటి, బంగాళాదుంపలు తవ్వే రోజుల దాకా బతికాడు. పోయినప్పుడు కూతురు పక్కనే ఉండి ఆయన గడ్డం గీస్తోంది, ఒక చెంప అయింది.

వాయిదా మీద వాయిదా పడి, మరుసటి జనవరి ఆఖరున బ్రిటన్ కూటమిలోంచి వెళ్ళిపోయింది. ఆ రోజు ముళ్ళు మళ్ళీ పెరిగి వంటింటి దూలాల్ని తాకాయి. కానీ కట్టిన వంపులోనే పెరిగాయి. గుడ్డలు చివికి రాలిపోయినా దారి అలాగే ఉంది, ఇప్పుడు మనిషి నిలబడి వెళ్ళొచ్చు.

పిల్లలూ, దీన్ని మీ తరవాతివాళ్ళకి చెప్పండి. చెప్పేటప్పుడు వెస్లీని వదిలెయ్యకండి. ఆయన ఎటు ఓటేశాడో చెప్పండి, తొడుగులు తీసేశాడనీ చెప్పండి.