మబ్బులు కుట్టే దర్జీ ఇంటికి

అద్దాల అవతల దారి ఉందో లేదో తెలియనంత తెల్లగా మంచు కమ్ముకుని ఉంటే, ఆ తెల్లదనంలో అంబులెన్సు పడవలా మెత్తగా సాగిపోతోంది, నడుపుతున్నది గురునాయుడు, పక్క సీట్లో కూర్చున్నది నూకరత్నం. అతను చనిపోయి ఒక వానాకాలం గడిచిపోయిందని ఆమెకు తెలుసు, పెద్దకర్మ నాడు విస్తట్లో పెట్టిన అన్నం వదిలేసి మధ్యలోనే లేచి వచ్చేసిన సంగతీ గుర్తుంది, కానీ స్టీరింగు మీద అతని చేతులు ఎప్పటిలాగే వదులుగా ఉన్నాయి, మెడ చుట్టూ ఎప్పటి గళ్ళ తువ్వాలే ఉంది, అందుకని ఇప్పుడు ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపిస్తోంది. సైరను కూడా కూయడం లేదు, ఎవరో చంటిపిల్లను జోకొడుతూ తీస్తున్న రాగంలా సన్నగా వినిపిస్తోంది.

"ఏటమ్మా అలా సూత్తన్నావు? కేసొచ్చింది, ఎత్తు," అంటాడు గురునాయుడు.

ఫోను ఎత్తితే అవతలి గొంతు తాపీగా చెబుతుంది, కొండ మీద రాకాసికి పొద్దుట్నుంచీ ఎక్కిళ్ళు ఆగడం లేదని. ఇద్దరూ అందులో వింతేమీ లేనట్టు కొండెక్కుతారు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా జీడితోట మొత్తం ఉలిక్కిపడుతోంది, తోట మధ్యలో ఇల్లంత మనిషి మోకాళ్ళు ముడుచుకుని, పక్కవాళ్ళను ఇబ్బంది పెడుతున్నానని సిగ్గుపడుతూ కూర్చుని ఉంది. నూకరత్నం మందుల పెట్టె తెరిచి చూస్తే సూదులూ సెలైన్లూ ఏవీ లేవు, ఒక బెల్లం అచ్చు మాత్రం ఉంది. అదే చేతిలో పెడుతుంది. రాకాసి దాన్ని చప్పరించి, కాసేపు ఊపిరి బిగబట్టి, తర్వాత నిదానంగా వదిలితే జీడాకులన్నీ ఒకేసారి సద్దుకుంటాయి. ఇంత తేలిగ్గా నయమైన కేసు తన సర్వీసులో ఒక్కటీ లేదని ఆమెకు తోస్తుంది, తోచగానే కళ్ళు తడిసిపోతాయి.

బయట, మెలకువగా ఉండే ప్రపంచంలో, ఆమె అంబులెన్సు టెక్నీషియన్. రోగి గుండె మీద నొక్కేదీ, ఊపిరి అందించేదీ, ఆస్పత్రి చేరేదాకా ఆ ప్రాణాన్ని పట్టుకుని కూర్చునేదీ ఆమే. గురునాయుడు పైలట్, అంటే బండి నడిపేవాడు. విజయనగరం దాటాక హైవే పక్కన బండి ఆపుకుని కేసు కోసం ఎదురుచూసే మధ్యాహ్నాల్లో ఆమె ఫోన్లో నవల తీసి పైకి చదివేది. అన్నీ ఒక తీరువే, మంత్రాలుంటాయి గానీ యుద్ధాలుండవు. మంత్రగత్తె పూటకూళ్ళిల్లు పెట్టుకుంటుంది, డ్రాగను నోటి వేడితో ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేస్తుంది. మొదలుపెట్టే ముందు గురునాయుడు ఒక్కటే అడిగేవాడు, ఇందులో ఎవరూ చచ్చిపోరు కదా అని. పోరన్నా అని ఆమె మాట ఇచ్చాకే సీటు వెనక్కి వాల్చుకునేవాడు. ఆఖర్న చదువుతున్నది చిరిగిన మబ్బులకు మాసికలు వేసే ఒక ముసలి దర్జీ కథ. అది సగంలో ఉండగానే, ఒక సెలవు రోజు పొద్దున్నే, పెరట్లో పళ్ళు తోముకుంటూ గురునాయుడు కూలిపోయాడు. మళ్ళీ ఆమె ఆ నవల తెరవలేదు. ఆ పుస్తకాలన్నీ కలిసి తనను మోసం చేశాయని మండిపడింది.

ఇప్పుడు కొండ దిగుతుంటే దారి ఆస్పత్రి వరండాగా మారుతుంది, వరండా నీలం గుడ్డ తానులా పొడుగ్గా విచ్చుకుంటుంది, ఆ గుడ్డ చివర బండి ఆగిన చోట దర్జీ ఇల్లుంది. దర్జీ కొలతలు తీసుకోవడానికి ఎక్కడికో వెళ్ళినట్టున్నాడు. కుట్టుమిషను మీద సగం కుట్టిన మబ్బు వేలాడుతోంది, బల్ల కింద డ్రాగను పిల్లిలా ముడుచుకుని నిద్రపోతోంది. ఇద్దరూ గడప మీద కూర్చుంటారు. మబ్బు అంచున వేలాడే దారాన్ని గురునాయుడు వేలికి చుట్టుకుంటూ ఉంటే, ఇంతకాలం ఎవరితోనూ అనని మాట నూకరత్నం నోట్లోంచి వచ్చేస్తుంది.

"ఆ పొద్దున నేనక్కడ ఉంటే బతికేవాడివన్నా."

అతను తొందరపడడు. దారం చుట్టడం పూర్తిచేసి అంటాడు, "బతుకుదునేమో. లేపోతే నీ సేతుల్లోనే పోదును. ఆ స్ట్రెచరు మీద నన్ను సూడాల్సిన పని నీకు పడలేదు. మనిద్దరం ముందు సీట్లోనే ఉండిపోయాం. నాకది బాగుందమ్మా."

మబ్బులోంచి చల్లటి ఆవిరి చేతుల మీదికి దిగుతోంది. ఆమె మెల్లిగా, ఎవరూ పోరని నీకు మాటిచ్చాను కదా అంటుంది.

"పుస్తకంలో ఎవరూ పోలేదు గదా. నువ్విచ్చిన మాట పుస్తకం గురించి. నా గురించి నేనడగలేదు, నువ్వివ్వలేదు."

అని, తనకు ఆ కథలు ఎందుకు కావాల్సి వచ్చేవో చెబుతాడు. బస్సు బోల్తా పడిన రోజున, బండి కడిగి నిలబెట్టాక, రెండు అధ్యాయాలు చదవమని తాను అడిగిన సంగతి గుర్తుచేస్తాడు. తాము రోజూ మోసే కష్టం మనిషి చేతుల కంటే పెద్దదట, ఎంత పట్టుకున్నా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుందట. ఆ కథల్లో కష్టం చేతికి సరిపోయేంత ఉంటుంది, చిరిగితే కుట్టుకోవచ్చు, మాడితే మళ్ళీ వండుకోవచ్చు. కాసేపు అది విన్నాక తన చేతులకు మళ్ళీ స్టీరింగు పట్టుకునే ఓపిక వచ్చేదట, అంతే తప్ప లోకం అలాగే ఉంటుందని తానెన్నడూ నమ్మలేదట. అది వింటుంటే నూకరత్నం భుజాల మీది నుంచి ఎవరో తడిసిన దుప్పటి ఎత్తేసినట్టుంటుంది.

"మిగతాది సదువు," అంటాడు.

ఫోను లేదు, పుస్తకం లేదు, అయినా మబ్బు మీద అక్షరాలు కుట్లలా వరసగా కనిపిస్తున్నాయి, ఎన్నడూ చూడని ఆ పేజీలను ఆమె తడుముకోకుండా పైకి చదువుతుంది. చిక్కుడు పాదుకు నీళ్ళు చాలడం లేదని ఒకావిడ తెచ్చిచ్చిన పాత మబ్బుకు దర్జీ ఆఖరి కుట్టు వేసి, దారం పంటితో తెంపి, గెడకర్రకు తగిలించి పెరట్లోకి ఎత్తుతాడు, ఆవిడ చెంబు పట్టుకుని పాదు పక్కనే నిలబడి పైకి చూస్తుంది. గురునాయుడు గడపకు తల ఆనించి కళ్ళు మూసుకుంటాడు. కథ ఒంటికి పట్టినప్పుడు అతని ఊపిరి ఎలా నెమ్మదిస్తుందో ఆమెకు బాగా తెలుసు, అలాగే నెమ్మదిస్తుంది. ఆమె గొంతు తగ్గించి, చదవడం మాత్రం ఆపకుండా, పేజీ తర్వాత పేజీ

మెలకువ వచ్చేసరికి గొంతు ఎండిపోయి ఉంది. మిట్టమధ్యాహ్నం, హైవే పక్కన నిద్రగన్నేరు నీడలో బండి ఆగి ఉంది. డ్రైవరు సీట్లో లింగరాజు ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. గురునాయుడి చోట్లో వచ్చిన పైలట్ అతను, యాభై దాటినవాడు, మితభాషి. డ్యూటీ సంగతులు తప్ప అతనితో ఆమె ఇంతవరకూ ఏమీ మాట్లాడి ఎరగదు.

నిద్రలో మీరేదో చదువుతున్నారండి, లేపబుద్ధి కాలేదు, అన్నాడు అతను మొహమాటంగా. అతని చేతిలో కలిపిన పప్పన్నం ముద్ద నోటిదాకా పోకుండా ఎప్పుడో ఆరిపోయి ఉంది.

"ఆ మబ్బు కురిసిందాండీ?" అని అడిగాడు.

నూకరత్నం సీసా ఎత్తి మంచినీళ్ళు తాగింది.

"నాకూ తెలీదండి. మీరు అన్నం తినండి, చదువుతాను," అని ఫోను తీసింది.