పదిహేడో ఫ్లాస్కు

పొద్దున ఏడింటికల్లా మూతలక్క తన సింకు దగ్గరికి వచ్చేసేది. నీలం ఏప్రాన్ కట్టుకుని, రబ్బరు గ్లవుజులు మోచేతుల దాకా లాక్కుని, ముందు రోజు సాయంత్రం విమానాల నుంచి దిగిన స్టీలు ఫ్లాస్కులను వరసగా బల్ల మీద నిలబెట్టేది. ఖరీదైన సీట్ల వాళ్ళకి ఆ విమాన సంస్థ అసలు సిసలు కాఫీ పోసే రోజులవి. వెనక సీట్ల వాళ్ళకి వేడినీళ్ళలో కలిపిన పొడి, ముందు సీట్ల వాళ్ళకి మాత్రం గింజలు వేయించి, పొడి కొట్టి, విమానాశ్రయం పక్కనున్న ఈ వంటశాలలోనే కాచిన కాఫీ. అది ఇరవై నాలుగు ఫ్లాస్కుల్లో మధ్యాహ్నం పైకి వెళ్ళేది. సాయంత్రానికి ఖాళీ ఫ్లాస్కులు కిందికి వచ్చేవి.

ఖాళీ అంటే మరీ ఖాళీ కాదు. అడుగున కాస్త మడ్డి, మడ్డి మీద మాటలు ఉండేవి. మూత తీసి ఉన్నప్పుడు ఫ్లాస్కు దగ్గర ఎవరేం మాట్లాడినా అందులో పడి అడుగున ఉండిపోయేవి. ఒంపితే ఒక్కసారి వినిపించి పోయేవి. అందుకే పనిలో చేరిన రోజే ఎవరికైనా చెప్పే సంగతి ఒకటే. ముందు మాటలు ఒంపాలి, తర్వాత మడ్డి, ఆ తర్వాతే వేణ్ణీళ్ళు. మాటలు సరిగ్గా ఒంపకపోతే మర్నాటి కాఫీ రుచి మారిపోతుంది. ఒకసారి ఎవరో మొగుడూ పెళ్ళాల పోట్లాట అడుగున మిగిలిపోయి, మర్నాడు ముందు వరసలో నలుగురు కాఫీ చేదని ఫిర్యాదు రాశారు. ఆ వారమంతా సింకుల దగ్గర అందరికీ చీవాట్లే.

మిగతావాళ్ళు ఫ్లాస్కును బోర్లించి, రెండు దెబ్బలు కొట్టి, మాటలు చెవిన వేసుకోకుండానే కుళాయి తిప్పేసేవాళ్ళు. ఎవరి గోల వాళ్ళకి ఉండగా ఆకాశంలో వాళ్ళ గోల ఎందుకు చెప్పండి. ఈమె ఒక్కతే ఒక్కో మూతా నెమ్మదిగా తీసి, ఫ్లాస్కును చెవి పక్కన ఒంపి, ఆఖరి మాట దాకా విని గానీ కడిగేది కాదు. అందుకే ఆ పేరు. పక్క సింకులో పని చేసే ముసలావిడను అందరూ పిన్ని అనేవాళ్ళు. పేరు పెట్టింది ఆవిడే.

మూతలక్కకి ముప్పై తొమ్మిదేళ్ళు. అన్నయ్య ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. వదిన మంచిదే, పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేది. కుళాయి కట్టేశావా, బట్టలు ఆరేశావా, వచ్చేటప్పుడు సబ్బులు తెస్తావా. అన్నీ పనులే. పనితో సంబంధం లేని మాట ఒక్కటి తనతో ఎవరన్నా అని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. పెళ్ళి మాట ఎత్తడం కూడా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మానేశారు. అలా మానేసినందుకు ఆమె మొదట హాయిగా ఊపిరి పీల్చుకుంది, తర్వాత ఒకరోజు బస్సులో కూర్చుని ఊరికే ఏడ్చింది.

ఇక పదిహేడో ఫ్లాస్కు సంగతి. సముద్రం దాటి వెళ్ళొచ్చే మధ్యాహ్నం విమానంలో, కుడివైపు వరసలకి కాఫీ పోసే ఫ్లాస్కు అది. మెడ దగ్గర చిన్న సొట్ట. ఏడేళ్ళ కిందట ఒక పొద్దున దాన్ని ఒంపితే, మొదట విమానంలో సింకు అంచుకి తగిలిన టక్కుమనే చప్పుడు, వెనకే ఒక మగ గొంతు వినిపించాయి. ఆఖరి చుక్క ఒంపేసి, మూత బిగించేముందు, విమానంలో వడ్డించే స్టీవార్డు ఎవరో తనలో తాను అనుకున్న మాట. "అమ్మయ్య, కాళ్ళు పోయాయి." మూతలక్కకి నవ్వొచ్చింది. మర్నాడు మళ్ళీ టక్కు, మళ్ళీ అదే గొంతు. "కడిగేవాళ్ళెవరో గానీ, ఫ్లాస్కు అద్దంలా ఉంటోందండీ."

ఆ రోజు ఆమె గ్లవుజులు తీసి చేతులు చూసుకుంది.

అప్పటి నుంచి వారానికి నాలుగైదు రోజులు ఆ గొంతు వచ్చేది. అర నిమిషం, మహా అయితే ముప్పావు నిమిషం. రెండో వరసలో ఒక పెద్దాయన బూట్లు విప్పనని మొండికేసిన సంగతి, కొత్త పెళ్ళికూతురు కిటికీకి ముక్కు ఆనించి నిద్రపోయిన సంగతి, సముద్రం ఇవాళ ఉతికి పిండిన దుప్పటిలా ఉందన్న సంగతి. ఒకసారి, "నా ఇంటి తాళం ఎప్పుడూ నేనే తీసుకోవాలండీ, తలుపు తెరిచేవాళ్ళుంటే బెల్లు కొట్టాలని ఉంటుంది," అన్నాడు. ఆ పూట మూతలక్క పదిహేడో ఫ్లాస్కును మూడుసార్లు కడిగింది. ఆయనకు సెలవు రోజు అయితే వేరేవాళ్ళ గొంతులు వచ్చేవి. ఆ రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

బదులు చెప్పాలని ఆమెకు ఉండేది కాదా అంటే, ఉండేది. ఒకసారి చెప్పింది కూడా. కాళ్ళు నొప్పులంటూ ఆయన వరసగా వారం పాటు మూలిగితే ఉండబట్టలేక, కడిగి తుడిచిన ఫ్లాస్కులోకి వంగి, "వేణ్ణీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టుకోండి, తగ్గుతుంది," అని చెప్పి మూత బిగించింది. కాఫీ కాచే మాస్టారు దాని మీద కాఫీ పోసేశాడు. మాట కాఫీలో కరిగిపోయింది. మర్నాడు ఫ్లాస్కు ఒంపితే ఆయన నవ్వు ఆగడం లేదు. "నాలుగో వరసలో ఎవరో కంపెనీ ఛైర్మనటండీ. ఆఖరి కప్పు తాగి, బూట్లు విప్పి, వేణ్ణీళ్ళూ ఉప్పూ తెమ్మన్నాడు. ఐస్ బకెట్టులో పెట్టించాను కాళ్ళు. పెద్దవాళ్ళకి ఎప్పుడేం కోరిక పుడుతుందో చెప్పలేం."

మూతలక్క కూడా నవ్వింది. నవ్వు అయ్యాక, ఈ ఫ్లాస్కుల్లో మాటలు పైనుంచి కిందికి వస్తాయి గానీ కిందనుంచి పైకి వెళ్ళవని, వెళ్ళినా ఎవరి కడుపులోకో పోతాయని అర్థమైంది. వారం తిరక్కుండా గోడ మీద కాగితం అంటించారు. కడిగిన ఫ్లాస్కుల్లో మాట్లాడరాదు.

"వెళ్ళి చూడొచ్చుగా," అనేది పిన్ని. రోజూ పదింటికి వంటశాల గోడ అవతలే విమాన సిబ్బంది వ్యాను ఆగేది, సూట్‌కేసుల చక్రాల చప్పుడు వెంటిలేటరు లోంచి వినిపించేది. మూతలక్క చెవులు రిక్కించి వినేది గానీ కాలు కదిపేది కాదు. ఆయన మాట్లాడేది కడిగేవాళ్ళతో. తనతో అని ఎక్కడన్నాడు? ఎదురుపడితే ఆ సంగతి కాస్తా తేలిపోతుందని ఆమె భయం.

అట్లా ఏడేళ్ళు గడిచాక, ఒక నెలాఖరున స్టోర్సు సారు కళ్ళజోడు సవరించుకుని సర్క్యులరు చదివాడు. ఒకటో తారీఖు నుంచి ముందు సీట్ల వాళ్ళకి కాచిన కాఫీ ఉండదు. పొట్లంలో పొడి, కాగితం కప్పు, వేడినీళ్ళు. ప్రయాణికుల సౌకర్యాన్ని మరింత మెరుగుపరచడం కోసమే ఈ మార్పు అని రాశారట. అంత డబ్బు పోసి ముందు కూర్చున్నవాడు కూడా ఇక తన పొట్లం తనే చింపుకోవడంలో సౌకర్యమేమిటో సారుకీ తెలీలేదు. కాఫీ మాస్టారుని బ్రెడ్డు ముక్కలు కోసే బల్లకి మార్చారు. ఫ్లాస్కులు తుక్కుకి పోతాయన్నారు.

ఫ్లాస్కులు తుక్కుకి పోతాయన్న మాట దగ్గర మూతలక్క పదిహేడో ఫ్లాస్కు వైపు చూసింది. పొడి పొట్లాలకి మూతలుండవు. కాగితం కప్పులు పైనే నలిపి పారేస్తారు. ఇక ఆ గొంతు ఏ దారిన వస్తుంది?

ఒకటో తారీఖున కాఫీ కాయలేదు. కానీ ట్రాలీలో ఏమేం ఎక్కాలో రాసే జాబితా ఇంకా మారలేదు. అందులో ఫ్లాస్కులు ఇరవై నాలుగు అని ఉంది, లెక్క కలిస్తేగానీ ట్రాలీకి సీలు వెయ్యరు. స్టోర్సు సారు తల గోక్కుని, "జాబితాలో ఉన్నాయి కాబట్టి ఎక్కాల్సిందే. లోపల ఏముందని జాబితా అడగదు," అన్నాడు. కడిగిన ఫ్లాస్కులు కడిగినట్టే ఖాళీగా పైకి వెళ్ళాయి.

మర్నాడు పొద్దున మూతలక్క పదిహేడో ఫ్లాస్కును చెవి దగ్గర ఒంపింది. టక్కుమంది. లోపల చుక్క కాఫీ లేకపోయినా ఆయన అలవాటు కొద్దీ విమానంలో సింకు మీద ఒంపాడన్నమాట. కాసేపు విమానం హోరు. తర్వాత గొంతు.

"ఇవాళ దీనికి బరువే లేదండీ. రెండు రోజుల్లో ఇవీ రావని చెప్పారు. ఇన్నాళ్ళూ నేను వాగింది ఎవరైనా విన్నారో, కుళాయి కింద కొట్టుకుపోయిందో తెలీదు. వినకపోయినా ఫరవాలేదు. చెప్పుకోవడానికి ఒక చోటంటూ ఉండేది."

మూతలక్క ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిన్ని తన కుళాయి కట్టేసి దగ్గరికొచ్చింది.

"ఇవాళ కూడా ఖాళీగానే వెళ్తాయే," అంది మెల్లగా. "మాట మీద పోసే కాఫీ లేదు. మాట తాగేసేవాడూ లేడు."

మూతలక్క పిన్ని వైపు చూసింది. సంగతి అప్పుడు అర్థమైంది. కాఫీ లేదు. ఆయన ఖాళీ ఫ్లాస్కునైనా ఒంపుతాడు. అంటే ఏడేళ్ళలో మొట్టమొదటిసారి, కింద పెట్టిన మాట పైన ఆయన చెవిలోనే పడుతుంది.

ఫ్లాస్కును కడిగింది, తుడిచింది, గోడ మీద కాగితానికి వీపు తిప్పి నిలబడింది. చెప్పాల్సినవి ఏడేళ్ళకి సరిపడా ఉన్నాయి. బస్సులో, పొయ్యి దగ్గర, పక్క మీద వెల్లకిలా పడుకుని ఎన్నిసార్లో వరస పెట్టుకున్న మాటలు. మూత తీసేసరికి అన్నీ ఎటు పోయాయో పోయాయి. పిన్ని అటు తిరిగి, వినపడకుండా ఉండాలని కుళాయి పెద్దగా తిప్పింది.

"విన్నాను," అంది మూతలక్క ఫ్లాస్కులోకి. "అన్నీ విన్నాను."

అంతే. మూత బిగించి ట్రాలీలో పెట్టేసింది. ఆ రోజు ఇంట్లో వదిన ఏం చెప్పినా ఊఁ కొట్టి, ఏదీ చెయ్యలేదు. కుళాయి కట్టమంటే కిటికీ మూసింది. ఒంట్లో బాగాలేదా అని అన్నయ్య అడిగితే, బాగుందనే చెప్పింది.

మూడో రోజు పొద్దున కొత్త జాబితా వచ్చింది. అందులో ఫ్లాస్కులు లేవు. తుక్కు లారీ అప్పటికే వెనక గుమ్మంలో ఉంది. కడగక్కర్లేదు, అలాగే పడెయ్యండి అన్నాడు స్టోర్సు సారు. ఒకటి, రెండు, మూడు అంటూ లారీలోకి విసురుతున్న చప్పుడు. మూతలక్క పదిహేడో దాన్ని గబుక్కున లాక్కుని, సింకు దగ్గరికి తెచ్చి, మూత తీసి ఒంపింది.

టక్కుమంది. హోరు. చాలాసేపు హోరే. ఎవరో దగ్గరికొచ్చి ఏదో అడిగి వెళ్ళిపోయారు. తర్వాత, అంతవరకూ ఆమె ఎన్నడూ వినని ఒక చిన్న గొంతుతో అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఇక మాటలు లేవు.

ఆమె బదులు చెప్పబోతూ ఫ్లాస్కును నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఇది ఇంక పైకి వెళ్ళదని అప్పుడు గుర్తొచ్చింది. ఇక ఈ బదులు చేరాలంటే తనే వెళ్ళాలి. అంతలో వెంటిలేటరు లోంచి చక్రాల చప్పుడు వినిపించింది. గోడ గడియారంలో పది.

"వెళ్ళవే," అంది పిన్ని. "నీ సింకు నేను చూస్తాను."

ఏప్రాన్‌తో, తడి గ్లవుజులతో, చంకలో ఫ్లాస్కుతో మూతలక్క వెనక గుమ్మం దాటి, లారీ చుట్టూ తిరిగి, గోడ అవతలికి పరుగెత్తింది. వ్యాను అప్పటికే వెళ్ళిపోయింది. సిబ్బంది సూట్‌కేసులు లాక్కుంటూ అద్దాల తలుపు వైపు నడుస్తున్నారు. వాళ్ళలో మగవాళ్ళు నలుగురు. ఆమె ఇన్నాళ్ళూ మనసులో ఒక పొడుగాటి మనిషిని పెట్టుకుంది, నొక్కుల జుట్టు కూడా పెట్టుకుంది. అలాంటివాడు అక్కడ లేడు. ఒక్కొక్కరే కార్డు చూపించి లోపలికి పోతున్నారు. ఒకరు, ఇద్దరు. పిలుద్దామంటే పేరు తెలీదు. ఆ తలుపు మూసుకుంటే ఇక ఆ గొంతు ఉండదు, వదిన మాటలూ కుళాయి చప్పుడూ మాత్రమే ఉంటాయి.

"ఏడేళ్ళ నుంచి," అంది గట్టిగా.

మూడో మనిషి లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగో మనిషి కార్డు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పొట్టిగా, కాస్త బట్టతలతో, కొంచెం కుంటుతూ నడిచే మనిషి. వెనక్కి తిరిగి ఏప్రాన్ చూశాడు, గ్లవుజులు చూశాడు, మెడ దగ్గర సొట్ట ఉన్న ఫ్లాస్కును చూశాడు. తలుపు తెరుచుకుని, ఎవరూ రాకపోయేసరికి మళ్ళీ మూసుకుంది.

"అయితే ఆ ఉప్పు నీళ్ళు..." అని ఆగాడు. అదే గొంతు.

"అవి మీకే చెప్పాను," అంది మూతలక్క.