వెనక సీటు హెల్మెట్

అయినా వెనక సీటు ఖాళీగా ఉంటే నన్నెందుకు మోసుకెళ్తుందో ప్రసూనకే తెలియాలి. నేను ఒక హెల్మెట్‌ని. అదీ, వెనక కూర్చునేవాళ్ల హెల్మెట్‌ని. ఏదో ఫ్యాక్టరీలో అచ్చులోంచి ఊడిపడి, బెజవాడ బందరు రోడ్డు పక్కన తాడుకు వేలాడుతుంటే ప్రసూన, హారిక కలిసి బేరమాడి కొన్నారు. ఇద్దరూ ఒకే కళ్లద్దాల షాపులో పనిచేస్తారు. స్కూటీ ప్రసూనది. నాలో తల హారికది.

ట్రాఫిక్ హోరులో మాటలు వినపడవు కనుక ఆ ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. హారిక ముందుకు వంగి నన్ను ప్రసూన హెల్మెట్‌కి ఒకసారి కొడితే, ‘నెమ్మదిగా పోవే’ అని. రెండుసార్లు కొడితే, ‘పునుగుల బండి దగ్గర ఆపు’ అని. నా నుదుటి మీద రంగు లేచిపోయింది ఆ పునుగుల వల్లే.

తర్వాత హారికకి ఫణీంద్రతో నిశ్చితార్థం అయింది. ఒకరోజు అతను సరదాగా నన్ను పెట్టుకోబోయాడు. తల పట్టలేదు. ప్రసూన అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువే నవ్వింది. మర్నాటి నుంచి హారిక అతని బైకు మీద, అతను కొన్న కొత్త హెల్మెట్‌లో వెళ్లసాగింది. నేను స్కూటీ కొక్కేనికి, ప్రసూన మోకాలి పక్కన.

నన్ను ఇంట్లో పడెయ్యమని వాళ్లమ్మ అంటే, “పోలీసులు ఆపుతారమ్మా” అంది. ఖాళీ సీటుకి హెల్మెట్ లేదని ఆపే పోలీసుని నేనింతవరకూ చూడలేదు. పునుగుల బండి కనిపిస్తే మాత్రం వేగం పెంచేది.

రెండు నెలలు పోయాక, నిన్న సాయంత్రం హారిక వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది.

“ఫణి బైకు సర్వీసింగుకిచ్చాడే. దింపుతావా?”

“ఓహో, బైకు బాగుపడేదాకా నేనా?”

“అబ్బ! ఎక్కించుకుంటావా, ఆటో చూసుకోనా?”

“ఎక్కు తల్లీ. పెళ్లికూతురివి, ఆటోలో నలిగిపోతావ్.”

స్కూటీ కదిలింది. నాలో ఉన్నది పాత తలే, కానీ ఎప్పుడూ లేనంత నిటారుగా ఉంది, పొరపాటున కూడా ముందు హెల్మెట్‌కి తగలకూడదన్నట్టు. బయటికి బిగువులా కనిపించి ఉంటుంది. లోపలున్న నాకు తెలుసు, అది భయం. కొడితే, ప్రసూన ఆపకపోతే?

బెంజ్ సర్కిల్ దాటాం. మరిగే నూనె వాసన తగిలింది. ప్రసూన వేగం పెంచింది. నాలోని తల మెల్లగా ముందుకు వంగింది.

టక్.

ఒక్కటే. నెమ్మదిగా పొమ్మనేమో అనుకున్నాను. ప్రసూనా అదే అనుకుందేమో, వేగం తగ్గించింది. పునుగుల బండి పక్కకి వచ్చేశాం. ఇంక దాటిపోతాం అనగా...

టక్.

రెండోది అంత ఆలస్యంగా వస్తే చెల్లుతుందో లేదో వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు. ప్రసూన ఎడమ ఇండికేటర్ వేసింది.