నీలిని పాతిపెట్టిన రోజు

నీలి పొద్దుగాలే చనిపోయింది. కొత్తగూడ అడవి పక్క తండాలో ఆమెకున్నది కూతురు సోమ్లీ ఒక్కతే. శవాన్ని బొందలగడ్డకు తెస్తే చుట్టూ కొత్త ముళ్లకంచె. పక్క పొలం ఆసామి జగపతి మనుషులతో అడ్డం నిలబడ్డాడు.

“దేవుణ్ణి మార్చినోళ్లకు ఈడ జాగ లేదు. మీ పాస్టర్ ఇంట్ల పెట్టుకో.”

మహబూబాబాద్ నుంచి వాళ్ల పాస్టర్ ఇమ్మానుయేల్ వచ్చాడు. బతిమాలితే జగపతి మనుషులు ఛాతీ మీద చెయ్యేసి తోసేశారు. ఆయన పక్కకొచ్చి, జనగామలో వకీలు షారోన్‌కు ఫోన్ చేశాడు. ఆమెది పాత మిషన్ చర్చి. ‘పసిపిల్లల నెత్తి మీద నీళ్లు చల్లితే బాప్తిస్మమా?’ అని నాలుగేళ్ల కింద ఈయన సభలో ఎగతాళి చేసినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

“ఇప్పుడు యాదికొచ్చిన్నా?” అంది షారోన్.

“నా కోసం కాదక్కా. శవం ఎండల ఉన్నది.”

ఆమె ముందరున్న ఫైలు మూసింది. “ఎవ్వలూ కదలకుండ్రి. వస్తున్న.”

మధ్యాహ్నానికి వ్యాన్ నిండా జనంతో దిగింది. ఆమె కబురందుకుని భూపాలపల్లి బొగ్గుగని ప్రార్థన సంఘంవాళ్లూ వచ్చారు. దారిలో తహశీల్దార్ ఆఫీసులో తీయించిన భూమి హద్దుల నక్షను జగపతి ముందు చాపింది.

“ఇది సర్కారు శ్మశానం. కంచె నీది.”

“జనగామోళ్లకు ఈడేం పని?” జగపతి అరిచాడు. వెనక నుంచి ఎవరో విసిరిన రాయి ఇమ్మానుయేల్ కనుబొమ్మ చీల్చింది. గనివాళ్లు కర్రలందుకున్నారు.

“కర్ర లేపితే కేసు మన మీదికే వస్తది. కూసోండ్రి!” షారోన్ గద్దించింది.

అందరూ శవం చుట్టూ రోడ్డు మీదే కూర్చున్నారు. ఇమ్మానుయేల్ నెత్తురు కారుతున్న ముఖంతో షారోన్ పక్కనే కూలబడ్డాడు. ఆమె కొంగు చింపి ఇచ్చింది.

సాయంత్రం నాలుగింటికి తహశీల్దార్ పోలీసులతో వచ్చి కంచె తీయించాడు. గుంట దగ్గర సోమ్లీ తలెత్తి అడిగింది.

“నాయినా, మా తండా పాట పాడి ఏడ్వొచ్చునా?”

అలాంటి పాటలు ఇమ్మానుయేల్ సంఘంలో నిషేధం. అయినా ఆయన, “పాడు బిడ్డా,” అన్నాడు. అంతదాకా దూరంగా నిలబడ్డ తండా ఆడవాళ్లలో ఇద్దరు దగ్గరికొచ్చి గొంతు కలిపారు.

వారం తిరక్కముందే కంచె మళ్లీ లేచింది. సోమ్లీని మిరప ఏరడానికి ఎవరూ పిలవడం లేదు. షారోన్ వేసిన కేసులో మూడు సంఘాలూ సంతకం పెట్టాయి. మొదటి వాయిదా రోజు కోర్టు మెట్ల మీద జగపతి సోమ్లీ వైపు చూసి ఉమ్మేశాడు. ఆమె అటు ఇమ్మానుయేల్, ఇటు షారోన్ నడుస్తుండగా లోపలికి పోయింది.