తిన్నోళ్లు చేతులెత్తుండ్రి

కౌన్సిల్ సమావేశంలో ఔననడానికి నోరు అక్కర్లేదు, అరచెయ్యి చాలు. సెక్షన్ ఆఫీసరు సారంగపాణి కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని "ముప్పై ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా" అంటాడు. సభ్యులు బల్లలు దబదబా చరుస్తారు. ఆయన "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసేసుకుంటాడు. ఇరవై ఎనిమిది అంశాలూ గట్టెక్కడానికి చాయ్ చల్లారేంత సమయం కూడా పట్టదు. చరవనివాళ్లను ఎవరూ ఏమీ అనరు. కానీ చుట్టూ అందరూ చరుస్తుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం పెళ్లి బంతిలో విస్తరి ముందు తినకుండా కూర్చున్నట్టు ఉంటుంది. అందుకని సుకన్య కూడా చరిచింది. కాస్త గట్టిగానే చరిచింది.

ఆమె కార్పొరేటరుగా గెలిచి ఏడాదిన్నరైంది. మొదటి రెండు సమావేశాలకు ఎజెండా పుస్తకాన్ని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. ఆ తర్వాత అది సరిగ్గా సమావేశానికి ముందు రోజు సాయంత్రం, దుకాణంలో బేరాలు జోరుగా ఉన్నప్పుడు వచ్చి పడటం మొదలైంది. కాజీపేటలో రైలు పట్టాలకు ఇవతల ఆమె భర్త రమాకాంత్‌కి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఎజెండా కాగితం మందంగా ఉంటుందని, పని అయిపోయిన పుస్తకాల పేజీలు చింపి గీతలు పడకుండా పళ్లేల మధ్య పెట్టేవాడతను. ప్రభుత్వ కాగితం ఇంతకన్నా మంచి పనికి రాలేదని మురిసిపోయేవాడు కూడా.

సుకన్య చరిచిన ఇరవై ఎనిమిదింటిలో నలభై మూడోది తన సొంత డివిజన్‌ది. ఆ సంగతి ఆమెకు పదహారు రోజులకు గానీ తెలియలేదు.

ఆ రోజు పొద్దున దుకాణం తెరిచి గిన్నెలు బయట పేరుస్తుంటే సోమక్క వచ్చింది. సోమక్క అంగన్‌వాడీ ఆయా. కేంద్రం దుకాణం వెనక సందులో ఉంటుంది. పిల్లల్లో పద్నాలుగు మంది పట్టాలకు అవతలి బస్తీ వాళ్లు. రోజూ ఆమె వెళ్లి వాళ్లను పాలోళ్ల గేటు అనే రైలు గేటు దాటించి తీసుకొస్తుంది, మధ్యాహ్నం మళ్లీ దిగబెట్టి వస్తుంది. వట్టి చేతులతో కాదు, తాడుతో. పాత చీరల పేలికలు పేని, మూరకొక ముడి వేసిన తాడు. ఒక్కో ముడికి ఒక్కో బిడ్డ. ముడి వదిలితే ఆ రోజు కథ చెప్పదు, అదే శిక్ష. గేటు దగ్గర అంత పొడుగు గూడ్సు బండి పోతున్నా ఈ చిన్న బండి కదలకుండా నిలబడుతుంది.

"గేటు కాడ బోర్డు వెట్టిండ్రు బిడ్డా. జర సూసి చెప్పు, నాకు కండ్లు ఆనుతలేవు," అంది సోమక్క.

మధ్యాహ్నం పిల్లలను తాడు పట్టించి దిగబెట్టడానికి సోమక్క బయలుదేరినప్పుడు సుకన్య ఆమె వెంట వెళ్లి చదివింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఈ గేటు శాశ్వతంగా మూసివేయబడును. రాకపోకలకు కొత్త వంతెన వాడుకోవలెను. కౌన్సిల్‌కు అభ్యంతరం లేదు, తీర్మానం సంఖ్య నలభై మూడు. కింద తేదీ. ఆ తేదీ చూడగానే సుకన్యకు అరచెయ్యి చురుక్కుమంది.

వంతెన కిలోమీటరున్నర అవతల ఉంది. దాని మీద లారీలు, బస్సులు బాగా పోతాయి. నడిచేవాళ్లకు పక్కన జానెడు దారి కూడా లేదు.

"మూస్తరా ఏంది?" అంది సోమక్క. సుకన్య ముఖం చూసి సోమక్కే ధైర్యం చెప్పింది. "మూయనీ తియ్. మా సుకన్య కౌన్సిల్ల ఉండంగ నాకేం ఫికర్?"

నిజం చెప్పడానికి అది సరైన క్షణం. సుకన్య నోరు తెరిచింది కూడా. ఈలోగా గేటు లేచింది, తాడు కదిలింది, చివరి ముడి పట్టుకున్న పిల్ల ఆమె వైపు చూసి చెయ్యి ఊపింది. చెప్పలేకపోయింది.

దుకాణానికి వచ్చి పళ్లేల దొంతర దింపింది. నలభై మూడో అంశం రెండు టిఫిను పళ్లేల మధ్య, చక్కగా, ఒక్క మడత కూడా పడకుండా దొరికింది. దేశమంతటా రైలు గేట్లు తీసేసి వంతెనలు కట్టాలనే కేంద్ర విధానం మేరకు, అని మొదలై ఆరు లైన్లు. కాలినడక అన్న మాట ఎక్కడా లేదు.

"అందరు గుద్దిండ్రు, నువ్వు గుద్దినవ్. ఇందుల నీ తప్పేముంది?" అన్నాడు రమాకాంత్.

"అదే గదా తప్పు," అంది సుకన్య, ఏడుపు ఆపుకుంటూ.

ఆ తాడుతో ఆమెకు ఈనాటి బంధం కాదు. సుకన్య పుట్టింది అవతలి బస్తీలోనే. తల్లి నెత్తిన గంప పెట్టుకుని, పాత బట్టలకు స్టీలు గిన్నెలిస్తూ వీధులు తిరిగేది. ఎవరూ కొననంత చినిగిన చీరలు సోమక్కకు ఇచ్చేది, సోమక్క వాటిని తాడుగా పేనేది. అప్పుడు సోమక్క పాతికేళ్ల పడుచు, అప్పుడే ఆయాగా చేరింది. తాడుకి మూడో ముడి సుకన్యది. అంగన్‌వాడీలో అప్పట్లో రవ్వ ఉప్మా పెట్టేవారు. కాసేపయ్యాక సోమక్క గుమ్మంలో నిలబడి "తిన్నోళ్లు చేతులెత్తుండ్రి" అనేది. అందరూ ఎత్తేవారు. ఉప్మా అలాగే ఉన్నా సుకన్య కూడా ఎత్తేది. పక్కవాళ్లు ఎత్తారు కదా మరి. సోమక్క వచ్చి పక్కన చతికిలబడి, ఏమీ అనకుండా ఒక్కో ముద్దా తినిపించేది.

మర్నాడు సుకన్య సారంగపాణి దగ్గరికి వెళ్లింది. ఆయన దగ్గర లేని రూలు లేదు. తీర్మానం చేసిన మూడు నెలల లోపు దాన్ని మార్చాలంటే మొత్తం సభ్యుల్లో సగం మంది ఒప్పుకోవాలన్నాడు.

"మళ్ల ఎజెండాల పెట్టమంటే పెడ్త గని, కారణం ఏమని రాయాలమ్మా?"

"తెల్వక బల్ల గుద్దిన అని రాయుండ్రి."

సారంగపాణి పెన్ను కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఏండ్ల సర్వీసుల ఈ కారణం ఎవ్వరు చెప్పలేదమ్మా," అన్నాడు. "అందరికి ఉండేది ఇదే అయినా." చివరికి 'పునఃపరిశీలన నిమిత్తం' అని రాశాడు.

ప్రత్యేక సమావేశం శుక్రవారం పెట్టారు. సుకన్య పొద్దున నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. సోమక్క పిల్లలను టీచరుకు అప్పజెప్పి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి సందర్శకుల కుర్చీల్లో కూర్చుంది. తన మనిషి మాట్లాడబోతోందని ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడలేక సుకన్య నలభై మూడో అంశం కాగితం తెరిచి మళ్లీ చదువుకుంది.

మొదటి గంట ఢిల్లీకి పోయింది. దేశం ముందుకు పోతుంటే మనం గేటు పట్టుకుని వేలాడతామా అని ఒక పక్షం. ఢిల్లీలో కూర్చుని గీసిన గీతకు మా బస్తీలు బలి కావాలా అని ఇంకో పక్షం. మాట వందే భారత్ రైళ్లకు పోయింది, అక్కణ్నించి జీఎస్టీకి పోయింది, ఒకాయన సరిహద్దు దాకా వెళ్లి వచ్చాడు. పాలోళ్ల గేటు పేరు ఆ గంటలో రెండుసార్లు వినపడింది, రెండుసార్లూ తప్పుగానే పలికారు.

మేయర్ గంట కొట్టి సుకన్యకు మైకు ఇచ్చారు.

"అధ్యక్షా, ఢిల్లీ సంగతి తర్వాత. ఈ తీర్మానం చేసినోళ్లల్ల నేనున్న," అంది. "నలభై మూడోది ఏందో నేను సదువలే. అందరు బల్ల గుద్దిండ్రని గుద్దిన. నా డివిజన్ల గేటు నేనే మూయిచ్చిన."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె సందర్శకుల వైపు తిరిగింది.

"ఆడ సోమక్క కూసున్నది. ముప్పై అయిదేండ్ల సంది పోరగాండ్లను తాడు వట్టిచ్చి పట్టాలు దాటిస్తాంది. ఒక్క పోరనికి గీత వడలే. ఆ తాడు వట్టుకునే నేను గూడ దాటిన. మూసింది నేనే అని ఆమెకు ఇప్పటిదాంక చెప్పలే. చెప్ప నోరు రాలే. ఇప్పుడు చెప్తాన ఆయమ్మా."

సోమక్క ముఖంలో వెలుగు ఏమైందో చూసే ధైర్యం సుకన్యకు లేకపోయింది. తల తిప్పేసుకుంది.

అప్పుడు లేచాడు సుదర్శన్. పక్క డివిజన్ కార్పొరేటరు. పెద్ద మనిషి, మాట కరుకు. "మా అన్న ఆ గేటు కాడనే పోయిండు చెల్లె," అన్నాడు. "గుండె నొప్పని అంబులెన్సుల ఏసినం. గేటు వడ్డది. పదకొండు నిమిషాలు. గూడ్సు డబ్బాలు లెక్కవెట్టుకుంట కూసున్న నేను. ఇప్పుడు నువ్వు గేటు ఉండాలంటవు."

ఢిల్లీ గురించి అరిచినవాళ్లంతా కింద చూశారు.

"లేదన్నా," అంది సుకన్య. "గేటు పోవాలె. దవాఖానకు పోయేటోడు ఆడ ఆగొద్దు. వంతెన మంచిదే. కని గేటుకు తాళం వడే ముందుగాల, పట్టాల కింది నుంచి నడిచే తొవ్వ కావాలె. ఊ అంటే ముడి ఇడిసే పోరగాండ్లు లారీల నడుమ నడుస్తరా అన్నా?"

సుదర్శన్ బల్ల మీదికి వంగాడు. "తొవ్వ అయితలేదని పదేండ్లు గేటు ఆపరు గదా?"

"గడువు రాద్దం. నువ్వే చెప్పు, ఎంత?"

"ఏడాది."

"ఏడాదే అన్నా."

ఆయన కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు. మేయర్ "అయితే సభ్యులు..." అనగానే ముందు వరుసలో అలవాటుగా అరచేతులు లేచాయి.

"బల్ల కొట్టొద్దు," అంది సుకన్య గబుక్కున. "సారంగపాణి సారు మొత్తం సదువుతడు. ఇనుండ్రి. ఇష్టమైనోళ్లే లేచి నిలబడుండ్రి."

పట్టాల కింద నడకదారి అయ్యేదాకా, ఏడాది గడువుకు లోబడి, గేటు మూయరాదని సారంగపాణి చదివాడు. నెమ్మదిగా, మాట మాటకూ ఆగి. ఆయన గొంతు బాగుంటుందని చాలామందికి ఆ రోజే తెలిసింది. చదవడం అయ్యాక వెనక వరుస ఆడవాళ్లు ముందు లేచారు. తర్వాత ఇద్దరు, ముగ్గురు. సారంగపాణి పెన్ను కొసతో లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, సుకన్య వైపు చూశాడు. ఇద్దరు తక్కువ.

సుదర్శన్ మోకాలు పట్టుకుని లేచాడు. "మా అన్నకు గూడ పోరగాండ్లంటే పానం," అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. ఆయన పక్కాయన కూడా లేచాడు.

సుకన్య గిర్రున సందర్శకుల వైపు తిరిగింది. సోమక్క కుర్చీ ఖాళీగా ఉంది.

గెలిచిన సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. అందరూ అభినందిస్తున్నారు, ఆమెకేమీ వినపడటం లేదు. ఎప్పుడు లేచి వెళ్లింది? ఏ మాట దగ్గర? ఇంటికి వచ్చి దుకాణంలో పీట మీద కూర్చుంది. రమాకాంత్ అన్నం తినమన్నాడు. తర్వాత తింటానంది. మర్నాడు పొద్దున చాయ్ కూడా అలాగే వదిలేసింది. ముప్పై అయిదేళ్లు తనను నమ్మిన మనిషి ముందుకు ఏ ముఖం పెట్టుకుని పోవడం? వెళ్లకుండా ఉండటమూ చేతకాలేదు. పదకొండింటికి సందులోకి నడిచింది.

తాడు మేకుకు వేలాడుతోంది. పిల్లలు గోడ వారగా వరసగా కూర్చుని గుడ్లు తింటున్నారు. సోమక్క ఆమెను చూసి "రా" అని కూడా అనలేదు, తన పని తను చేసుకుంటోంది. సుకన్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఏమని మొదలుపెట్టాలి? తప్పైందనా? తెలియక చేశాననా?

"తిన్నోళ్లు చేతులెత్తుండ్రి," అంది సోమక్క.

చిన్న చిన్న చేతులు లేచాయి, కొన్ని పచ్చసొన అంటినవి. మాటలు వెతుక్కుంటూ నిలబడ్డ సుకన్య చెయ్యి కూడా దానంతటదే లేచింది.

సోమక్క చూసింది. కాసేపు అలాగే చూసి, తన బువ్వ గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి గోడకు టక్కున కొట్టి పొట్టు తీయడం మొదలుపెట్టింది.

"కూసో," అంది.

సుకన్య పిల్లల వరసలో చివర చతికిలబడింది. "నిన్న లేచి వచ్చినవ్ ఆయమ్మా. కోపం వచ్చిందనుకున్న."

"కోపమేంది? పన్నెండున్నరకు పోరగాండ్లను ఇండ్లకు తోలద్దా? టీచరమ్మకు తాడు వట్టుడు రాదు." గుడ్డు రెండుగా చీల్చి ఉప్పు అద్దింది. "నువ్వు బల్ల గుద్దింది నాకు బోర్డు కాడనే సమజైంది. నీ మొకం జూసి. చిన్నప్పుడు ఉప్మా తినక చెయ్యెత్తినప్పుడు గూడ గదే మొకం."

సుకన్యకు నవ్వొచ్చింది, నవ్వుతోనే కన్నీళ్లు వచ్చేశాయి. "మరి ఎందుకు అడుగుతవ్ ఆయమ్మా దినాం? అందరు ఎత్తుతరు గదా."

"నేను ఎత్తినోళ్లను సూడ బిడ్డా. ఎత్తనోళ్లను సూస్త," అంది సోమక్క. "ఆకలైనోళ్లకు చెయ్యి దించుకునే హక్కుండాలె. అది నీకు నేర్పుటానికి ఇన్నేండ్లు వట్టింది."

ఆ గుడ్డు ముక్క సుకన్య నోటి దగ్గరికి తెచ్చింది. సుకన్య అప్పుడు చూసుకుంది, తన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దించి, నోరు తెరిచింది.